పేరు మీద రాయితీ, గోడలో తీగ: ఒక గృహ సముదాయం కేస్ స్టడీ

2022 వసంతంలో జనాన్ని ఇంటర్నెట్ బిల్లు రాయితీలో చేర్పించడానికి మా సంస్థ బల్ల వేసింది లాండ్రీ గది ముందు. బట్టలు ఆరేదాకా మనిషి అక్కణ్ణుంచి కదలడని ఆ చోటు ఎంచుకున్నాం. అమెరికా తూర్పు తీరంలో ఒక నగరం, అక్కడి ప్రభుత్వ గృహ సంస్థ నడిపే మూడు బ్లాకులు, ఒక్కోటీ ఆరంతస్తులు. అద్దెకుండేవాళ్లలో ఒంటరి వృద్ధులు, రాత్రి షిఫ్టుల వాళ్లు, చిన్నపిల్లల తల్లులు ఎక్కువ. నా ఉద్యోగానికి పెట్టిన పేరు డిజిటల్ నావిగేటర్, అంటే ఇంటర్నెట్ పెట్టించుకోవడంలో సాయపడే మనిషి. చేసిన పనిలో ముప్పాతిక ఫారాలు నింపడం, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి హోల్డ్‌లో పాట వినడం.

మొదటి రెండేళ్లు మేం చేసిన పని నివేదికల్లో విజయంగా నమోదైంది. ఆ నివేదికలు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. రాయితీని మనిషి పేరు మీద పెట్టాలా, లేక భవనానికే కనెక్షన్ తెచ్చి ఇంటి గోడకి పెట్టాలా అన్న ప్రశ్న అప్పట్లో మాకు తట్టలేదు. తట్టేసరికి చాలామంది కనెక్షన్లు పోయాయి. ఈ కేసు రాస్తున్నది అందుకే.

అర్హత అందరికీ ఉంది, రానిది మనుషులు

కోవిడ్ కాలంలో అమెరికా ప్రభుత్వం ఎమర్జెన్సీ బ్రాడ్‌బ్యాండ్ బెనిఫిట్ పేరుతో నెలకు 50 డాలర్ల దాకా ఇంటర్నెట్ బిల్లు భరించింది. అది 2021 మే 12న మొదలైంది. అదే ఏడాది నవంబర్ 15న సంతకమైన మౌలిక వసతుల చట్టం దాని స్థానంలో 1,420 కోట్ల డాలర్లతో అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్ తెచ్చింది. అందరూ ఏసీపీ అనేవారు. నెలకు 30 డాలర్లు, గిరిజన భూముల్లో 75. 2022 మేలో ఇరవై ఇంటర్నెట్ కంపెనీలు ఏసీపీ కుటుంబాలకు 30 డాలర్లు దాటని ధరలో 100 ఎంబీపీఎస్ వేగపు ప్లాన్ ఇస్తామని వైట్‌హౌస్‌కు మాట ఇచ్చాయి. ప్లాన్ 30, రాయితీ 30. చేతినుంచి పైసా పడదు.

పైగా ప్రభుత్వ గృహాల్లో ఉండటమే ఏసీపీకి అర్హత. జీతం చీటీలు చూపించనక్కర్లేదు. అంటే మా మూడు బ్లాకుల్లో తలుపున్న ప్రతి ఇంటికీ హక్కు ఉండేది. మొదటి శనివారం బల్ల దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మేం పెట్టిన డోనట్ల కోసం వచ్చారు.

కారణం తెలుసుకోవడానికి నాకు నెలన్నర పట్టింది. మొదటిది అద్దె భయం. ఈ ఇళ్లలో అద్దెను సాధారణంగా కుటుంబ ఆదాయంలో 30 శాతంగా లెక్కగడతారు. కాబట్టి ఎక్కణ్ణుంచి ఏ సాయం వచ్చినా "ఇది ఆదాయం కింద రాసుకుంటారా, అద్దె పెరుగుతుందా" అని ముందు అడుగుతారు. ఏసీపీ ఆదాయం కిందికి వచ్చేది కాదు. ఆ ముక్క మా కరపత్రంలో లేదు. ఇంటర్నెట్ వేగం గురించి మాత్రం సగం పేజీ ఉంది. అద్దె పెరగదు అనే వాక్యాన్ని పైకి తెచ్చి పెద్ద అక్షరాల్లో వేసిన వారం నుంచి జనం ఆగి చదవడం మొదలుపెట్టారు.

రెండోది ఎవరూ పైకి చెప్పనిది, పాత బాకీ. ఎప్పుడో కనెక్షన్ పెట్టించుకున్నారు, రెండు బిల్లులు కట్టలేదు, రౌటర్ తిరిగివ్వలేదు, కంపెనీ ఆ ఖాతాను వసూళ్లవాళ్లకు అప్పగించింది. మళ్లీ అదే కంపెనీ పేరున్న ఫారం మీద సంతకమంటే వెతికి వెతికి బాకీ చూపించుకోవడమే అనుకున్నారు. నిజానికి పాత బాకీ ఉందని ఏసీపీలో చేర్చుకోకపోవడాన్ని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, నిషేధించింది. ఒక కంపెనీ కాల్‌సెంటర్ ఉద్యోగికి ఆ సంగతి తెలియదు. నిబంధన కాగితం నా ముందు పెట్టుకుని ఫోన్‌లో చదివి వినిపించాను, ఆయన సూపర్‌వైజర్‌కి కలిపాడు, ఆవిడకి మళ్లీ చదివాను. ఆ ఒక్క కనెక్షన్‌కి పట్టిన సమయం మూడు గంటల పైచిలుకు. అది చూసిన పక్కింటామె మర్నాడు తన పాత బిల్లు పట్టుకుని తనంతట తానే వచ్చింది. మా కరపత్రాలన్నీ కలిసి తేలేనంత మందిని ఆమె తెచ్చింది.

ఒకే తలుపు, రెండు కుంపట్లు

దరఖాస్తు వెళ్లేది నేషనల్ వెరిఫయర్ అనే ఆన్‌లైన్ వ్యవస్థకి. పేరూ చిరునామా సరిపోల్చి అది అవునో కాదో చెబుతుంది. ఒకే వీధి నంబరు కింద పదుల ఇళ్లుంటే ఆ యంత్రానికి అనుమానం. ఫ్లాట్ నంబరును ఒక కాగితంలో 3బి అనీ, ఇంకోదాంట్లో బి3 అనీ, అద్దె ఒప్పందంలో యూనిట్ 3-బి అనీ రాస్తే దరఖాస్తు తిరిగొచ్చేది. చివరికి గృహ సంస్థ గుమాస్తాతో కూర్చుని ప్రతి ఫ్లాటుకీ ఒకే రకంగా రాసిన చిరునామా పత్రం తయారుచేయించాను. ఇలాంటి పని ఎవరైనా మొదలుపెడుతుంటే నేను చెప్పే మొదటి మాట ఇదే: కరపత్రం కంటే ముందు ఆ గుమాస్తాని కలవండి.

అంతకంటే చిక్కైనది కుటుంబం అనే మాట. రాయితీ కుటుంబానికి ఒక్కటే. కుటుంబమంటే ఒకే చిరునామాలో ఉంటూ ఆదాయం, ఖర్చులు కలిసి పంచుకునేవాళ్లని నిబంధన. ఇంగ్లిషులో నాలుగు లైన్ల నిర్వచనం చదివినప్పుడు నాకు మన మాటే గుర్తొచ్చింది: వేరు కుంపటి. తల్లీ, పెళ్లయిన కూతురూ ఒకే ఫ్లాట్‌లో ఉన్నా ఎవరి సరుకులు వాళ్లవైతే అవి రెండు కుటుంబాలే. ఒక వర్క్‌షీట్ నింపితే రెండో రాయితీ వచ్చేది. కానీ ఆ వర్క్‌షీట్ నింపమంటే జనం జంకేవారు. గృహ సంస్థ దగ్గరున్న ఒప్పందంలో కుటుంబం ఒక్కటే అని ఉంది, ఇక్కడ రెండని రాస్తే అక్కడ తంటా వస్తుందేమోనని. వాళ్ల జంకుకి అర్థం ఉంది. నేను ఎవర్నీ బలవంతపెట్టలేదు.

ఇంకో నిబంధన వృద్ధుల మీద పడింది. నెలకు రుసుమేమీ కట్టని ప్లాన్ అయితే, ముప్పై రోజులు వరసగా వాడకపోతే కంపెనీ నోటీసిచ్చేది, ఆ తర్వాత పదిహేను రోజుల్లో వాడకపోతే తీసేసేది. దొంగ ఖాతాలను ఏరడానికి పెట్టిన నియమం, తప్పుపట్టలేను. కానీ నాలుగో అంతస్తులో ఉండే పెద్దావిడ మోకాలి ఆపరేషన్ చేయించుకుని రెండు నెలలు చెల్లెలింట్లో ఉండి వచ్చేసరికి కనెక్షన్ లేదు. నోటీసు ఆమె తలుపు కింద పడి ఉంది.

2024

దేశం మొత్తమ్మీద 2.3 కోట్లకు పైగా కుటుంబాలు ఏసీపీలో చేరాయి. అంతమంది చేరారు కాబట్టే నిధి వేగంగా కరిగింది. అమెరికా చట్టసభ కాంగ్రెస్ కొత్త డబ్బివ్వలేదు. 2024 ఫిబ్రవరి 7 తర్వాత కొత్తవాళ్లను తీసుకోలేదు. పూర్తి రాయితీ వచ్చిన ఆఖరి నెల ఏప్రిల్. మేలో మిగిలిన డబ్బుతో సర్ది మాలాంటి చోట్ల గరిష్ఠంగా 14 డాలర్లిచ్చారు. జూన్ 1కి అంతా అయిపోయింది.

కంపెనీలు ముందుగా ఉత్తరాలు పంపాయి. అవి అచ్చం ప్రకటన కాగితాల్లాగే ఉన్నాయి. లాండ్రీ గది చెత్తబుట్టలో విప్పని కవర్లు నేనే చూశాను.

ఇక నా తప్పు. చేరేటప్పుడు కొన్ని ఫారాల్లో ఒక గడి ఉండేది: కార్యక్రమం ముగిశాక మామూలు ధరకు సేవ కొనసాగించడం మీకు సమ్మతమేనా? కనెక్షన్ హఠాత్తుగా తెగకూడదని నేను చాలామంది చేత అందులో టిక్ పెట్టించాను. ఫలితంగా జూన్, జులైల్లో వాళ్ల ఇంటికి బిల్లులొచ్చాయి. సున్నాకు అలవాటుపడిన ఇంట్లో నెలకు 30 డాలర్లంటే ఆ నెల మందుల్లోనో పాల పొడిలోనో కోత. కొందరు కట్టారు. కొందరు కట్టకుండా మళ్లీ బాకీదారులయ్యారు, అంటే నేను ఏ భయాన్ని పోగొట్టానని చెప్పుకున్నానో అదే భయంలోకి వాళ్లను నేనే తోశాను. మొదట్లో తన పాత బిల్లు పట్టుకొచ్చి మిగతావాళ్లను పోగేసిన ఆవిడ కూడా వాళ్లలో ఉంది. ఆమె నన్ను తిట్టలేదు. బల్ల దగ్గరికి రావడం మాత్రం మానేసింది.

"లైఫ్‌లైన్ ఉంది కదా" అని పైనుంచి సలహా వచ్చింది. 1985 నుంచి ఉన్న ఫోన్ రాయితీ అది. 2016లో ఇంటర్నెట్‌కీ వర్తింపజేశారు. నెలకు 9.25 డాలర్ల దాకా. కుటుంబానికి ఒక్కటే, అదీ ఫోన్‌కో ఇంటర్నెట్‌కో. మా బ్లాకుల్లో ఉన్నవాళ్లు దాన్ని అప్పటికే మొబైల్ ఫోన్‌కి పెట్టుకున్నారు. ఇంటి వైఫై కోసం ఫోన్ వదులుకునేవాళ్లు ఎవరుంటారు? ఆ సలహా ఇచ్చినాయన దరఖాస్తు ఒక్కటి కూడా నింపి ఉండడు.

గోడవైపు చూపు

ఆ వేసవిలో నివాసుల సంఘం అధ్యక్షురాలు ఒక సమావేశంలో అడిగింది: "మా ఇంట్లో నీళ్లకి మేం దరఖాస్తు పెట్టుకున్నామా?" దానికి నా దగ్గర జవాబు లేదు. మేం రెండో దశ మొదలుపెట్టింది ఆ ప్రశ్నతోనే.

భవనానికే కనెక్షన్ తెచ్చి ప్రతి ఫ్లాటుకీ పంచే పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూయార్క్ నగరం 2022 సెప్టెంబర్‌లో బిగ్ ఆపిల్ కనెక్ట్ పేరుతో తన ప్రభుత్వ గృహాల్లో చాలావాటిలో ఇంటర్నెట్, కేబుల్ టీవీ నివాసులకు ఉచితం చేసింది, బిల్లు నగరానికి వెళుతుంది. ఆ రాష్ట్రమే ధర మీద ఇంకో దారి పట్టింది. పేద కుటుంబాలకు 15 డాలర్లకు 25 ఎంబీపీఎస్ ఇవ్వాలని చట్టం చేసి, కోర్టుల్లో కొన్నేళ్లు నానాక 2025 జనవరి 15 నుంచి అమలు చేసింది. టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో నగర విద్యుత్ సంస్థ ఈపీబీ 2020 నుంచి పేద విద్యార్థుల ఇళ్లకు 100 ఎంబీపీఎస్ ఉచితంగా ఇస్తోంది. దానికి పదేళ్ల ప్రణాళిక ముందే వేసుకున్నారు. నాకు అన్నింటికంటే నచ్చింది ఆ పదేళ్లు. మిగతా అందరం ఏడాదికోసారి గండం గట్టెక్కేవాళ్లమే.

మా దగ్గర మొదట అడ్డొచ్చింది గృహ సంస్థ లెక్కల పుస్తకం. నీళ్లు, కరెంటు, గ్యాస్ అద్దె లెక్కలోకి వస్తాయి, వాటికి యుటిలిటీ అలవెన్స్ పేరుతో అద్దెలో తగ్గింపు ఉంది. ఇంటర్నెట్‌కి లేదు. ఫోన్, కేబుల్ టీవీలతో కలిపి దాన్ని విలాసాల గూట్లో పెట్టారు. స్కూలు హోంవర్కూ, డాక్టరు వీడియో సంప్రదింపూ, ఆఖరికి గృహ సంస్థ మరమ్మతు ఫిర్యాదు కూడా ఆన్‌లైన్‌లోనే చేయమంటున్న రోజుల్లో ఆ గూడు మార్చకపోవడం నాకు మింగుడుపడదు. గృహ శాఖ హడ్ 2016 డిసెంబర్‌లో తెచ్చిన నిబంధన ప్రకారం తన నిధులతో కొత్తగా కట్టే, భారీగా బాగుచేసే బహుళ అంతస్తుల భవనాల్లో బ్రాడ్‌బ్యాండ్ తీగలు వేయాలి. మా బ్లాకులు పాతవి, భారీ మరమ్మతు జరగలేదు, కాబట్టి అది మాకు తగల్లేదు.

రెండో అడ్డంకి ఇనప బీరువాలో దొరికింది. ఏళ్ల క్రితం గృహ సంస్థ ఒక కంపెనీతో ప్రత్యేక ప్రచార ఒప్పందం చేసుకుంది: భవనంలో వాళ్లొక్కరే పోస్టర్లు పెట్టుకోవచ్చు. ఒక్క కంపెనీకే ప్రవేశమనే ఒప్పందాలను ఎఫ్‌సీసీ ఎప్పుడో నిషేధించింది. ప్రచార ఒప్పందాలు ఉండొచ్చు గానీ, 2022 నియమాల ప్రకారం ఆ సంగతి నివాసులకు స్పష్టంగా తెలియజేయాలి. మా బ్లాకుల్లో ఎవరికీ తెలియదు. వేరే కంపెనీని పిలవడమే కుదరదని అందరూ నమ్మారు, అందులో భవన మేనేజరూ ఉన్నాడు.

తీగ పని

డబ్బు నగరం నుంచి వచ్చింది. 2021 కోవిడ్ సహాయ చట్టం కింద రాష్ట్రాలకూ నగరాలకూ అందిన నిధుల్ని బ్రాడ్‌బ్యాండ్‌కి వాడొచ్చు. షరతు ఏమిటంటే 2024 డిసెంబర్ 31 లోపు ఒప్పందం కుదిరి ఉండాలి, 2026 డిసెంబర్ 31 లోపు ఖర్చయిపోవాలి. మేం జులైలో మొదలుపెట్టాం. టెండర్, కౌన్సిల్ ఆమోదం, సంతకాలు అన్నీ అయిదు నెలల్లో. క్రిస్మస్ ముందు వారం ఆఖరి సంతకం పడింది. ఇంత తొందరలో చేసిన ఒప్పందంలో లోపాలుంటాయి, ఉన్నాయి.

చౌక డిజైన్ ఏమిటంటే వరండాల్లో వైఫై పెట్టెలు తగిలించడం. మేం ఒక అంతస్తులో పరీక్షించాం. తలుపు దగ్గర బ్రహ్మాండంగా ఉంది. రెండు కాంక్రీటు గోడలూ స్నానాలగదీ దాటి లోపలి పడకగదిలోకి వెళ్లేసరికి సిగ్నల్ ఊపిరి పీల్చడం లేదు. పిల్లలు చదువుకునేది ఆ గదిలోనే. గుత్తేదారు సంతకం పెట్టించుకోవడానికి తలుపు దగ్గరి కొలతలే చూపించాడు. కొలత ఎప్పుడూ ఇంట్లో అతి దూరపు గదిలో, తలుపులు మూసి తీయమని టెండర్‌లోనే రాసుకోవాలని అక్కడ నేర్చుకున్నాం.

చివరికి ఖాయం చేసింది ఇది. ప్రతి అంతస్తులోని టెలిఫోన్ గది దాకా ఫైబర్. అక్కణ్ణుంచి ఫ్లాటులోకి కొత్త తీగ లాగాలంటే గోడలు తొలవాలి, పాత భవనాల్లో ఆస్‌బెస్టాస్ పరీక్షలు, నెలల ఆలస్యం. అందుకని గోడల్లో ఉన్న పాత ఫోన్ తీగల మీదే జీ-హెచ్‌ఎన్ అనే సాంకేతికతతో డేటా పంపాం. ఫైబరంత వేగం రాదు. వీడియో క్లాసు, టీవీ, ఇద్దరు పిల్లల ఫోన్లకు సరిపోతుంది. ఫ్లాటులో గోడకు ఒక పెట్టె, దానికి సొంత పాస్‌వర్డు, పక్కింటి నుంచి వేరుచేసిన నెట్‌వర్క్. ఈ వేరుచేయడం పరీక్ష దశలో మరిచిపోయారు. ఒక సాయంత్రం రెండో అంతస్తు తాతగారి టీవీలో బాస్కెట్‌బాల్ మ్యాచ్ మధ్యలో ఎవరింటి పిల్లాడిదో కార్టూన్ మొదలైంది. అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం చెమట పట్టింది, ఎందుకంటే ఒక ఇంటి ఫోన్‌కి పక్కింటి టీవీ కనబడుతోందంటే ఇంకేం కనబడుతున్నాయో తెలియదు.

ఎవరు చూస్తున్నారు

తీగ పడ్డాక కూడా కొన్ని ఇళ్లలో పెట్టె ప్లగ్ పెట్టలేదు. ఉచితం, దరఖాస్తు లేదు, బాకీ లేదు. అయినా వద్దన్నారు. సంఘం అధ్యక్షురాలే నాకు విడమరిచి చెప్పింది. అద్దె ఒప్పందంలో పేరున్నవాళ్లే ఇంట్లో ఉండాలి. ఉద్యోగం పోయిన తమ్ముడో, జైలు నుంచి వచ్చిన కొడుకో కొన్నాళ్లు సోఫా మీద పడుకుంటుంటే ఆ ఇంట్లో ఫోన్ల సంఖ్య పెరుగుతుంది. నెట్‌వర్క్ గృహ సంస్థది అయితే ఆ లెక్క వాళ్లకి చేరదా? చేరితే ఇల్లు ఖాళీ చేయమనరా?

నేను ఇంజినీర్ని అడిగాను. ఫ్లాటుకి ఎన్ని పరికరాలో పేర్లతో సహా స్క్రీన్ మీద చూపించాడు. ప్లగ్ పెట్టనివాళ్లు మాకంటే బాగా ఆలోచించారన్నమాట.

ఒప్పందానికి సవరణ పెట్టించడానికి మూడు నెలలు పట్టింది. గృహ సంస్థకు బ్లాకు మొత్తం వాడకం తప్ప ఫ్లాటువారీ సమాచారం ఏదీ వెళ్లదు, సంస్థ అడిగినా కంపెనీ ఇవ్వకూడదు, పోలీసులకైతే కోర్టు ఉత్తర్వు కావాలి. గృహ సంస్థ న్యాయవాది రెండో వాక్యానికి ఒప్పుకోలేదు. సంఘం సభ్యులు బోర్డు సమావేశానికి వరసగా మూడుసార్లు వెళ్లి కూర్చున్నాక ఒప్పుకున్నాడు. సవరణను ఒక పేజీలో మామూలు మాటల్లో, అయిదు భాషల్లో లిఫ్టు పక్కన అంటించాం. ప్లగ్గులు ఒక్కొక్కటే పడ్డాయి. అన్నీ పడలేదు.

ఎవరైనా సొంత డబ్బుతో వేరే కంపెనీ పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు, ఆ మాట కూడా ఒప్పందంలో రాయించాం. భవనం మొత్తానికి కలిపి ఇచ్చే సేవ నాసిరకంగా తయారైతే నివాసి చేతిలో ఉండే ఆయుధం అదొక్కటే. పేరు మీద రాయితీలో మంచి ఏదైనా ఉందంటే ఆ ఎంపికే. కంపెనీ నచ్చకపోతే 30 డాలర్లు పట్టుకుని ఇంకోచోటికి వెళ్లేవాళ్లు.

ఇప్పుడున్న స్థితి

పెట్టె చెడితే ఎవరికి చెప్పాలన్నది తొందరలో చేసిన ఒప్పందంలోని పెద్ద లోపం. కంపెనీ ఫోన్ నంబరు ఇచ్చింది, అది ఖాతా సంఖ్య అడుగుతుంది, నివాసికి ఖాతాయే లేదు. ఆరు వారాలు ఆ ఫోన్లన్నీ నాకే వచ్చాయి. ఇప్పుడు ఫ్లాట్ నంబరు చెబితే చాలు. బ్లాకుకొక నివాసికి గంటల లెక్కన జీతమిచ్చి, చిన్న చిన్న తంటాలు వాళ్లే తీర్చేలా చేశాం. ఆ జీతం నగరం నిధిలోంచి రాదు. మా సంస్థ విరాళాల్లోంచి ఇస్తోంది.

నెలసరి సేవ ఖర్చు 2026 డిసెంబర్ దాకా ముందే కట్టేసి ఉంది. తీగ వేయడానికి డబ్బు దొరికింది గానీ దాన్ని నడిపించడానికి ఆపైన ఎక్కడా హామీ లేదు. ఇంటర్నెట్ వాడకంలో వెనకబడినవాళ్ల కోసం తెచ్చిన డిజిటల్ ఈక్విటీ చట్టం గ్రాంటు మీద కొంత ఆశ పెట్టుకున్నాం, ఆ కార్యక్రమాన్ని 2025 మేలో ప్రభుత్వం నిలిపేసింది. భవనానికి కలిపి కొంటే ఫ్లాటుకి పడే ఖర్చు విడివిడి ప్లాన్ ధర కంటే బాగా తక్కువ, అందువల్ల గృహ సంస్థ తన నిర్వహణ బడ్జెట్‌లో పెట్టుకోగలదని నా వాదన. లిఫ్టు మరమ్మతులే పెండింగులో ఉన్నాయని వాళ్ల వాదన. ఆ లిఫ్టులు నేనూ ఎక్కుతాను, వాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

వచ్చే నెల బోర్డు సమావేశంలో ఇంటర్నెట్ అంశం ఏడోది. సంఘం వాళ్లు దాన్ని మూడోదానికి జరపమని ఉత్తరం రాశారు, ఏడో అంశం వచ్చేసరికి రాత్రి షిఫ్టువాళ్లు లేచి వెళ్లిపోవాల్సి వస్తుందని. ఆ ఉత్తరం మీద సంతకాల్లో, 2024 వేసవిలో బల్ల దగ్గరికి రావడం మానేసిన ఆవిడదీ ఉంది.